టెల్‌నెట్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ దాకా: చెప్పకుండా వదిలేసిన సగం

ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి కమాండ్ లైన్ ద్వారా వెళ్ళి పనిచేసే పద్ధతికి మన కోచింగ్ సెంటర్ల నోట్సులు చెప్పే చరిత్ర చాలా పొట్టిది. మొదట టెల్‌నెట్ ఉండేది, అందులో పాస్‌వర్డ్ బాహాటంగా వెళ్ళేది. 1995లో ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది, అది ఎన్‌క్రిప్షన్ చేస్తుంది కాబట్టి టెల్‌నెట్ మూలపడింది. ఇందులో అబద్ధమేమీ లేదు. చెప్పిన కారణమే చాలదు. ఎన్‌క్రిప్షన్‌తో లాగిన్ అయ్యే పద్ధతులు అంతకుముందే ఉన్నాయి, అవి లోకమంతటా పాకలేదు. ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు పాకిందో తెలియాలంటే అది యంత్రాల్లోకి ఎలా చేరిందో, అంటే ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చి, ఏ లైసెన్స్ కింద, ఏ చట్టానికి లోబడి ఇన్‌స్టాల్ చేసుకున్నారో చూడాలి. సర్వర్‌కు కనెక్ట్ కావడాన్నీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడాన్నీ వేర్వేరు అధ్యాయాలుగా రాసుకున్నందువల్లే ఈ సగం మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ యంత్రంలోకి లాగిన్ కాబోతే రెండక్షరాలు చేరాక వ్యవస్థ కుప్పకూలింది. టెల్‌నెట్ ప్రతిపాదన ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే కాగితంమీదకు వచ్చింది, 1983లో ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది బర్క్‌లీ యూనిక్స్ 4.2లో ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ వచ్చాయి. ఫలానా యంత్రం నుంచి వచ్చినవాణ్ణి పాస్‌వర్డ్ అడగక్కర్లేదని ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుంటే చాలు. ఆ నమ్మకాన్నే 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ అనే, యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్ వాడుకుంది. 1994 ఫిబ్రవరిలో అమెరికాలోని సెర్ట్ సంస్థ, నెట్‌వర్క్‌లమీద పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రాములు వేలాది యంత్రాల్లో తిష్ఠ వేశాయని హెచ్చరించింది.

ఈ హెచ్చరిక వచ్చేనాటికి మందు లేక కాదు. ఎంఐటీలో ఎథీనా ప్రాజెక్టు కింద తయారైన కెర్బరోస్ 1980ల చివరి నుంచే బయట దొరుకుతోంది. ఒకసారి వాడి పారేసే పాస్‌వర్డ్‌ల కోసం బెల్‌కోర్ తయారుచేసిన ఎస్-కీ ఉంది. కెర్బరోస్ సాంకేతికంగా ఎస్‌ఎస్‌హెచ్‌కు ఏ మాత్రం తీసిపోదు. అయితే దానికి సంస్థలో ఒక కేంద్ర సర్వర్ ఉండాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలి. రెండో అడ్డంకి ఇంకా పెద్దది. అమెరికా చట్టం ఆనాడు ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను ఆయుధాల జాబితాలో ఉంచింది. కెర్బరోస్‌ను దేశం దాటించడానికి అందులోని ఎన్‌క్రిప్షన్ భాగాలన్నీ ఊడదీసి, మిగిలిన దానికి ‘బోన్స్’ అని పేరుపెట్టి పంపారు. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్ తాను స్వయంగా రాసిన కోడ్‌తో ఆ ఖాళీలు పూరించాడు. ఇదే ఎరిక్ యంగ్ తర్వాత టిమ్ హడ్సన్‌తో కలిసి రాసిన ఎస్‌ఎస్‌ఎల్-ఈఏవై లైబ్రరీ 1998 చివర్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌గా మారింది. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దోపిడీ జరిగాక, అక్కడి పరిశోధకుడు తాతు యూలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసి జులైలో ఉచితంగా విడుదల చేశాడు. ఆ ఏడాది ముగిసేసరికి 50 దేశాల్లో 20 వేలమంది వాడుతున్నారు. అతని ప్రతిభను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. ఎస్‌ఎస్‌హెచ్‌కు కేంద్ర సర్వర్ అక్కర్లేదు. ఆర్‌ఎస్‌హెచ్ ఆప్షన్లు తెలిసినవాడు కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే ఎస్‌ఎస్‌హెచ్ వాడగలడు. అవతలి యంత్రం గుర్తింపును మొదటిసారి నమ్మి దాచుకోవడం, తర్వాత అది మారితే కేకపెట్టడం అనే పద్ధతి సిద్ధాంతపరంగా లోపభూయిష్ఠమైనా ఆచరణలో అద్భుతంగా పనిచేసింది. కాని ఫిన్లాండ్ అనే మాటను కూడా గమనించాలి. అమెరికా ఎగుమతి చట్టం అక్కడ చెల్లదు, అందులో వాడిన ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ పద్ధతిమీద పేటెంట్ అమెరికాలో తప్ప మరెక్కడా లేదు. అదే ప్రోగ్రామ్‌ను అదే ఏడాది కాలిఫోర్నియాలో రాసి ఎఫ్‌టీపీలో పెట్టి ఉంటే రచయిత చిక్కుల్లో పడేవాడు. పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ రాసిన ఫిల్ జిమ్మర్‌మన్‌మీద దర్యాప్తు 1996 జనవరి దాకా సాగింది.

ఇక్కడితో కథ ముగించేవాళ్ళు తర్వాతి అయిదేళ్ళను దాటేస్తారు. నా దృష్టిలో అసలు నిర్ణయం జరిగింది అప్పుడే. యూలోనెన్ 1995 డిసెంబర్‌లో కంపెనీ పెట్టాడు. విడుదల విడుదలకూ లైసెన్స్ బిగుసుకుంటూ వచ్చింది. స్వేచ్ఛగా మార్చి పంచుకోగలిగిన చివరి వెర్షన్ 1.2.12. రెండో తరం ప్రోటోకాల్ మొదటిదానితో కలవదు, దాని ప్రోగ్రామ్‌ను వ్యాపారానికి వాడాలంటే డబ్బు కట్టాలి. అందుకని చాలామంది పాత ప్రోటోకాల్‌లోనే ఉండిపోయారు. లైసెన్స్ అలా ఉన్నంతకాలం ఏ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దాన్ని తనలో భాగం చేసుకోలేదు. సర్వర్ నడిపేవాడు స్వయంగా టార్ ఫైల్ తెచ్చుకుని, విప్పి, కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని మూడు కమాండ్లు కొట్టుకోవాలి. టెల్‌నెట్ మాత్రం సిస్టమ్‌తోపాటే వచ్చేది. ఎంత మంచి పనిముట్టైనా విడిగా తెచ్చుకోవలసిందైతే శ్రద్ధ ఉన్నవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

1999లో స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ గ్రోన్‌వాల్ ఆ 1.2.12ను వెతికి పట్టుకుని బాగుచేయడం మొదలుపెట్టాడు. కెనడాలోని కాల్గరీ నుంచి థియో డి రాట్ నడిపే ఓపెన్‌బీఎస్‌డీ బృందం దాన్ని తీసుకుంది. పేటెంట్లున్న భాగాలను ఒక్కొక్కటే తీసేసి, ఎన్‌క్రిప్షన్ పనిని ఎరిక్ యంగ్ కోడ్ నుంచి పుట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పగించింది. బృందంలో నీల్స్ ప్రోవోస్ జర్మన్, చదువు మిషిగన్‌లో. అమెరికా గడ్డమీద కూర్చుని ఎన్‌క్రిప్షన్ కోడ్ రాసి బయటకు పంపితే చట్టం ఒప్పదు గనక సరిహద్దు దాటి కెనడాలోని విండ్సర్‌కు వెళ్ళి ఆ పని చేశాడు. 1999 డిసెంబర్ 1న ఓపెన్‌బీఎస్‌డీ 2.6లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తొలిసారి వెలువడింది. అయినా అందులో ఆర్‌ఎస్‌ఏ లేదు. సిస్టమ్ ఇన్‌స్టాల్ చేశాక ఇంకో ప్యాకేజీ తెచ్చి జోడించుకోవాలి: అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒకటి, మిగతా ప్రపంచానికి ఇంకొకటి. ఏ కమాండ్ కొట్టాలన్నది కూర్చున్న దేశాన్నిబట్టి మారిన రోజులవి.

డెబియన్ లినక్స్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1999 మార్చిలో వచ్చిన 2.1 వెర్షన్‌తో ఆప్ట్ చేతికందింది. ఒక్క కమాండ్‌తో ప్యాకేజీ, దానికి కావలసినవన్నీ దిగుతాయి. కాని ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం దిగదు. అది ‘నాన్-యూఎస్’ అనే విడి భాండాగారంలో, అమెరికా బయటి సర్వర్లలో ఉండేది. సోర్సెస్ జాబితాలో ఆ చిరునామాను విడిగా ఒక వరుస రాస్తేనే ఆప్ట్‌కు కనబడేది. 2000 జనవరిలో అమెరికా ఎగుమతి నిబంధనలు సడలాయి. సెప్టెంబర్‌లో ఆర్‌ఎస్‌ఏ పేటెంట్ గడువు తీరింది. ఆ ఏడాదే మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0, సెప్టెంబర్‌లో రెడ్‌హ్యాట్ 7.0 ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను తమతోపాటే ఇచ్చాయి. ఆస్ట్రేలియాలో డేమియన్ మిల్లర్ దాన్ని ఇతర సిస్టమ్‌లకు సరిపడేలా మలచకపోతే లినక్స్‌లో ఇది సాధ్యమయ్యేది కాదు. టెల్‌నెట్ నిజంగా ఓడింది అప్పుడు, అదీ డిఫాల్ట్ ఇన్‌స్టాల్‌లో. 1999 నాటికే ఎస్‌ఎస్‌హెచ్‌కు పెద్ద ఆదరణ ఉందని, ఈ చట్టాల గొడవ లేకున్నా అది గెలిచేదని అనేవారున్నారు. ఆ ఆదరణ లేకపోతే ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు దాని జోలికే వచ్చేవారు కాదు, నిజమే. అయితే నిపుణులు ఇష్టపడటం, ప్రతి యంత్రంలోనూ ఉండటం ఒకటి కావు. కెర్బరోస్‌నూ నిపుణులు ఇష్టపడ్డారు.

అలా ఇన్‌స్టాల్ మార్గంలో వచ్చిన గెలుపుకు ప్రమాదం కూడా ఆ మార్గంలోనే వచ్చింది. 2002లో జులై నెలాఖరున ఓపెన్‌బీఎస్‌డీ ఎఫ్‌టీపీ సర్వర్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 3.4పీ1 టార్ ఫైల్‌ను ఎవరో మార్చేశారు. కంపైల్ చేస్తుండగానే అందులోని దొంగ కోడ్ నడిచి, బయటి సర్వర్‌ను పిలిచి, కంపైల్ చేసిన మనిషి అధికారాలతో తలుపు తెరిచేది. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో రాసి ఉన్న చెక్‌సమ్ ఆ ఫైల్‌తో కలవకపోవడంతో గుట్టు బయటపడింది. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో చేసిన చిన్న సవరణవల్ల ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలే మిగిలాయి. 2008 మే దాకా ఎవరికీ తెలియలేదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగ కోడ్ చొప్పించిన వ్యవహారం బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్ లైబ్రరీతో సంబంధమే లేదు. కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు తమ సౌకర్యానికి సిస్టమ్‌డీని జోడించడంతో ఆ లైబ్రరీ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి వచ్చి చేరింది. దాడికి కీలకమైన బిల్డ్ స్క్రిప్ట్ అందరూ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్‌లో మాత్రమే ఉంది. లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందని పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయకపోతే అది స్థిరమైన విడుదలల్లోకి వెళ్ళిపోయేది. 22 ఏళ్ళ తేడాతో అదే టార్ ఫైల్, అదే కంపైల్ ఘట్టం.

నేటి పరిస్థితి నాకు సంతోషం కలిగించడం లేదు. అద్దె సర్వర్ నిమిషంలో దొరుకుతుంది, ఆప్ట్‌తో ఏదైనా దిగుతుంది, విండోస్ 10 సైతం 2018 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను వెంట తెస్తోంది. ఇది నిజమైన ప్రగతి. కాని ప్యాకేజీ అసలుదేనని తేల్చే డిజిటల్ సంతకాల పద్ధతిని కష్టపడి నిర్మించుకున్నాక, ఏదో చిరునామా నుంచి కర్ల్‌తో తెచ్చిన స్క్రిప్ట్‌ను చదవకుండానే సుడోతో బాష్‌కు అందించమని ప్రసిద్ధ ప్రాజెక్టులే సూచనలు రాస్తున్నాయి. హోస్ట్ కీ మారిందని ఎస్‌ఎస్‌హెచ్ హెచ్చరిస్తే ఆ తనిఖీనే ఆపేసే ఆప్షన్ నేర్పుతున్నారు. జీతం లేకుండా ఒకరిద్దరు మోస్తున్న లైబ్రరీలమీద పెద్ద కంపెనీల సర్వర్లు నడుస్తున్నాయి. ఎక్స్‌జెడ్ దాడి చేసినవాళ్ళు వాడుకున్నది అలా అలసిపోయిన ఒంటరి నిర్వాహకుణ్ణే.

అమీర్‌పేటలోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో లినక్స్ పాఠం చెప్పేవారికి నా విన్నపం ఒకటే. మొదటి క్లాసులో, అవతలి యంత్రాన్ని నమ్మాలా అని ఎస్‌ఎస్‌హెచ్ అడిగితే ‘యస్’ అని కొట్టించే ముందు సర్వర్ కన్సోల్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఫింగర్‌ప్రింట్ తీయించి, తెరమీద వచ్చినదానితో విద్యార్థులచేత పోల్చి చూపించండి. స్క్రిప్ట్‌ను ముందు ఫైల్‌లోకి దించి చదివించాకే నడపనివ్వండి. ఈ రెండు పనులకూ కలిపి పది నిమిషాలు చాలు.