ఆటకు డబ్బివ్వని కాలేజీకి ఎందుకెళ్లాలి?

1859 జులై 1. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, పిట్స్‌ఫీల్డ్ ఊరు. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ అనే రెండు చిన్న కాలేజీలు బేస్‌బాల్ ఆడాయి. 73–32తో ఆమ్‌హర్స్ట్ గెలిచింది. కాలేజీల మధ్య జరిగిన మొదటి బేస్‌బాల్ మ్యాచ్ అదే. దాంతోపాటు చెస్ పోటీ కూడా పెట్టుకున్నారు. అంటే ఆట, చదువు రెండూ ఒకే సంచిలో అన్నమాట.

తర్వాత కాలేజీ ఆట పెద్ద వ్యాపారమైంది. పెద్ద యూనివర్సిటీలు స్కాలర్‌షిప్పులిచ్చి ఆటగాళ్లను తెచ్చుకున్నాయి. 1973లో ఎన్‌సీఏఏ సంస్థ కాలేజీలను మూడు డివిజన్లు చేసింది. మన రెండు కాలేజీలూ మూడో దాంట్లో ఉన్నాయి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు.

మొదట ఇది విని, ఆటగాళ్లకు అన్యాయం కదా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ కాలేజీలో ఫీజు సాయం ఆటను చూసి ఇవ్వరు కాబట్టి, రేపు మోకాలు దెబ్బతిని ఆట మానేసినా దాన్ని తీసెయ్యరు.

మరి ఆటలో పైకి రాలేమా? డంకన్ రాబిన్సన్ విలియమ్స్‌లో ఒక్క ఏడాది బాస్కెట్‌బాల్ ఆడాడు. అక్కణ్ణుంచి మిషిగన్ యూనివర్సిటీకి, చివరికి ఎన్‌బీఏకి వెళ్లాడు. కానీ అలాంటివాళ్లు చాలా అరుదు.

అమెరికాలో చదివే మన తెలుగు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. కోచ్ రమ్మన్నాడని పొంగిపోకండి. ముందు ఫీజు ఎంత కట్టాలో కాగితం మీద అడగండి. తర్వాత మిమ్మల్ని మీరే అడగండి: ఆట లేకపోయినా నాలుగేళ్లు ఇక్కడ సంతోషంగా చదువుతానా? అవునంటే అదే మీ కాలేజీ. ఉంటా మరి!