తెలంగాణమున మహిళాసభ పుట్టుక

ఓరుగంటి కోటను చూచినప్పుడెల్ల రుద్రమదేవిని తలచి గర్వింతుము. ఆమె యేలిన గడ్డమీదనే నిజాము కాలమున ఆడుబిడ్డకు తెలుగు చదువు కఱవయ్యెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు కూడెను. పిదప 1931లో దేవరకొండలోను, 1934లో ఎల్లాప్రగడ సీతాకుమారిగారి యధ్యక్షతన ఖమ్మములోను సోదరీమణులు సమావేశమైరి. బాలికలకు చదువు కావలెననియు, బాల్యవివాహములు మానవలెననియు వారు కోరిరి. గడప దాటుటయే కష్టమైన ఆ దినములలో స్త్రీలు వేదిక యెక్కి తమ మాట తామే చెప్పుకొనుట సామాన్యమా!

తీర్మానము సభలో నొక్కపూటలో ముగియును. దానిని నిలుపవలసినది ఇల్లు. కనుక నా మనవి యిది: మనుమరాలి పెండ్లిమాట వచ్చినప్పుడు, ముందుగా ఆమె చదువుమాట మీరే యడుగుడు.