రెండో సీటు రాజకీయం: కల్వకుర్తి తీర్పులు, పార్టీలపై ఓటరు విసుగు

1989 నవంబరు ఎన్నికల్లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు కల్వకుర్తిలో ఓడిపోయారు. కాంగ్రెస్ అభ్యర్థి జె. చిత్తరంజన్ దాస్‌కు 54,354 ఓట్లు, రామారావుకు 50,786 ఓట్లు వచ్చాయి. తేడా 3,568. పాలమూరులో (మహబూబ్‌నగర్ ప్రాంతంలో) ఎన్నికల ముచ్చట ఎక్కడ మొదలైనా చివరికి ఈ ఫలితం దగ్గరికే వస్తుంది. గద్దె మీదున్న ముఖ్యమంత్రిని, అందునా తెరమీద దేవుడిగా కొలిచిన మనిషిని, కరువు నేల ఓడగొట్టిందన్న గర్వం అందులో ఉంటుంది. గర్వం న్యాయమైనదే. కానీ ఆ ఓటమి వల్ల రామారావు పోగొట్టుకున్నదేమిటి? అదే ఎన్నికల్లో ఆయన హిందూపురంలో గెలిచి శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. ముఖ్యమంత్రి పదవి పోయింది కల్వకుర్తి వల్ల కాదు, రాష్ట్రంలో 294 స్థానాలకు కాంగ్రెస్ 181 గెలిచి తెలుగుదేశం 74 దగ్గర ఆగిపోవడం వల్ల. ప్రధాన పార్టీల మీద విసిగిన ఓటరు తీర్పు చెప్పగలుగుతున్నాడు గాని, ఆ తీర్పు నాయకుడికీ పార్టీకీ శిక్షగా మారకుండా మన ఎన్నికల చట్టంలోనే దారులున్నాయని ఈ వ్యాసం వాదన. అందుకు కల్వకుర్తికి మించిన ఉదాహరణ తెలుగు నేలలో అరుదు.

ముందుగా 1989 కథకు అంటిన కాస్త అతిశయోక్తిని వదిలించాలి. రామారావు ఎంచుకున్నది తన పార్టీకి కంచుకోట కాదు, అప్పటికి ఒక్కసారి కూడా గెలవని చోటు. 1969 ఉప ఎన్నిక నుంచి 1984 దాకా ఇక్కడి శాసనసభ్యుడు ఎస్. జైపాల్ రెడ్డి. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వీడిన ఆయన, 1978లోనూ 1983లోనూ జనతా పార్టీ తరఫున నెగ్గారు. అంటే తెలుగుదేశం పుట్టి రాష్ట్రాన్ని ఊపేసిన 1983లో కూడా కల్వకుర్తి ఆ పార్టీ వైపు పోలేదు. 1985లో తెలుగుదేశం ప్రభంజనం మధ్య ఇక్కడ గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాసే. ఆయన మీదికే రామారావు వచ్చారు. పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దు, రెండు రూపాయల కిలో బియ్యం వంటి పనులతో తెలంగాణ పల్లెల్లో మంచి పేరు తెచ్చుకున్న నాయకుడికి ఆ పేరే చాలుననిపించి ఉండవచ్చు. అయితే 1989 మొదట్లో మంత్రివర్గం మొత్తాన్ని ఒక్క దెబ్బతో తొలగించిన ఏలుబడి మీద అప్పటికే జనానికి మొహం మొత్తింది. స్థానికుడైన సిట్టింగ్ సభ్యుడు, రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి, పాత పట్టు లేని పార్టీ: ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆశ్చర్యపడాల్సింది రామారావు ఓడినందుకు కాదు, అంత దగ్గరగా వచ్చినందుకు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. 1994లో రాష్ట్రం తెలుగుదేశానికి తిరుగులేని ఆధిక్యం ఇస్తే, కల్వకుర్తి స్వతంత్ర అభ్యర్థి ఎడ్మ కిష్టారెడ్డిని గెలిపించింది. 1999లో తెలుగుదేశం నుంచి జి. జైపాల్ యాదవ్, 2004లో మళ్లీ కిష్టారెడ్డి, ఈసారి కాంగ్రెస్ తరఫున. 2009లో మళ్లీ జైపాల్ యాదవ్. 2014లో కాంగ్రెస్ నుంచి చల్లా వంశీచంద్ రెడ్డి. 2018లో మళ్లీ జైపాల్ యాదవ్, ఈసారి టి.ఆర్.ఎస్. తరఫున. 2023లో కాంగ్రెస్ నుంచి కసిరెడ్డి నారాయణరెడ్డి. 1989 తర్వాత ఇక్కడ ఏ శాసనసభ్యుడూ వరుసగా రెండోసారి గెలవలేదు. జైపాల్ యాదవ్ మూడుసార్లు గెలిచారు; మూడుసార్లూ తర్వాతి ఎన్నికలో ఇంటికి పోయారు.

రాష్ట్ర ఫలితాల పక్కన పెట్టి చూస్తే 1994, 2009, 2014 సంవత్సరాల్లో కల్వకుర్తి అధికారానికి వచ్చిన పార్టీకి ఎదురు నిలిచింది. దీన్ని స్వతంత్ర చైతన్యం అనడం తేలిక. నేను అంత దూరం పోను. ఈ జాబితాలో పార్టీలు మారుతున్నాయి గాని మనుషులు పెద్దగా మారడం లేదు. ఓటరు పార్టీ మీద కోపంతో అభ్యర్థిని దించుతాడు. దిగిన అభ్యర్థి ఐదేళ్లో పదేళ్లో ఆగి వేరే కండువాతో వస్తాడు. ఈలోగా కొత్త సభ్యుడి మీద కోపం పండి ఉంటుంది. 2023లో గెలిచిన కసిరెడ్డి కూడా ఎన్నికలకు కొద్ది వారాల ముందు వరకు భారత రాష్ట్ర సమితి (పూర్వపు టి.ఆర్.ఎస్.) శాసనమండలి సభ్యుడే. ఇదంతా ఎవరి తప్పని అడిగితే అభ్యర్థులను మాత్రమే నిందించడం సరికాదు. గెలిచే మనిషి కోసం వెతికే పార్టీలు రెండు చేతులా పిలుస్తుంటే కండువా మార్చుకోనివాడే ఇక్కడ నష్టపోతాడు. దానికి సాక్ష్యం బి.జె.పి. అభ్యర్థి తల్లోజు ఆచారి. ఎన్నిక తర్వాత ఎన్నికలో ఒకే పార్టీ జెండాతో నిలబడ్డ ఆయన 2014లో 78 ఓట్లతో, 2018లో 3,447 ఓట్లతో, 2023లో 5,410 ఓట్లతో ఓడిపోయారు.

ఆ 78 ఓట్ల ఫలితాన్ని మరికాస్త పరిశీలించాలి. ఒక పోలింగ్ కేంద్రంలో యంత్రం మొరాయించడంతో అక్కడ మళ్లీ పోలింగ్ జరిపాక గాని విజేత తేలలేదు. వంశీచంద్ రెడ్డికి 42,782, ఆచారికి 42,704. గెలిచిన అభ్యర్థికి పోలైన ఓట్లలో మూడో వంతు కూడా రాలేదు. ముందున్నవాడే విజేత అనే ఈ పద్ధతి మనకు బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడా అదే తంతు. 2024 జులై 4న జరిగిన ఎన్నికల్లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 650కి 411 సీట్లు గెలుచుకుంది, 14.3 శాతం తెచ్చుకున్న రిఫార్మ్ పార్టీకి దక్కినవి ఐదే. ఓటేసింది దాదాపు 60 శాతం. పద్నాలుగేళ్లు ఏలిన కన్జర్వేటివ్‌లపై కసి తీర్చుకున్నారు గాని లేబర్ మీద మోజుతో కాదని చెప్పడానికి ఈ అంకెలు చాలు. కల్వకుర్తి రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

విసుగుకు కారణాలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. కృష్ణ జిల్లా అంచున పారుతుండగా ఇక్కడి జనం తట్టా పారా పట్టుకుని గుంపుమేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ పడితే అక్కడ పాలమూరు లేబరే. శ్రీశైలం జలాశయం నీటిని కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి మూడు దశల్లో ఎత్తిపోసే పథకానికి కల్వకుర్తి పేరు పెట్టారు. పేరున్న ఊరికి నీళ్లు చేరడం మాత్రం అన్నిటికంటే ఆలస్యం. ప్రతి పార్టీ ఈ పథకాన్ని తనదని చెప్పుకుంది, ప్రతి పార్టీ ఆలస్యాన్ని ఎదుటివాడి ఖాతాలో వేసింది.

పక్కనున్న నల్లగొండ ఇదే విసుగును మరో దారిలో చూపించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంకరపోతున్న పల్లెల గోడు ఎవరూ పట్టించుకోలేదని, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుతో వందలమంది నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. చివరికి సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, 477 మంది డిపాజిట్లు పోయాయి. గెలవడానికి కాదు, తమ బాధను బ్యాలెట్ మీద అచ్చు వేయించడానికే వాళ్లు నిలబడ్డారు.

దానికి రాజ్యం ఇచ్చిన జవాబు చూడండి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఆ తర్వాత డిపాజిట్ 25,000 అయింది. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఓటింగ్ యంత్రాలకు పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు. ముఖ్యమంత్రి కుమార్తె కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో ప్రధాని నోట వెలువడింది, అదీ మహబూబ్‌నగర్ సభలో. మూకుమ్మడి నామినేషన్ ఉత్త గోల అనేవాళ్లు ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

1996 సవరణలో మరో మాట కూడా ఉంది. ఒక వ్యక్తి ఒకేసారి రెండు నియోజకవర్గాలకు మించి పోటీ చేయరాదన్నారు. అంతకుముందు పరిమితే లేదు. 1985లో రామారావు హిందూపురం, గుడివాడ, నల్లగొండ మూడింటా నిలబడి మూడింటా గెలిచి, హిందూపురం ఉంచుకుని మిగతా రెండూ వదిలేశారు. నల్లగొండ ఓటరు ముఖ్యమంత్రిని ఎన్నుకున్నాననుకున్నాడు; చేతికొచ్చింది ఉప ఎన్నిక. సవరణ ఒకే కలంపోటుతో పేదవాడి నామినేషన్‌కు ఖరీదు పెంచి, పెద్ద నాయకుడికి మాత్రం మూడో సీటు తీసేసి రెండోది ఉంచింది. నా దృష్టిలో ఈ చట్టం పక్షపాతం ఇక్కడే బయటపడుతుంది. విసిగిన పౌరుడు బ్యాలెట్ మీదికి రావడం కష్టమైంది. ఓటమి భయమున్న నాయకుడి బీమా చెక్కుచెదరలేదు.

ఆ బీమా విలువ 2023లో కామారెడ్డిలో తేలింది. ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ పోటీ చేశారు. ఇద్దరినీ ఓడించి బి.జె.పి. అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల తేడాతో గెలిచారు. పోయే ముఖ్యమంత్రి, రాబోయే ముఖ్యమంత్రి ఒకే పెట్టెలో ఓడిన సందర్భం మన రాజకీయాల్లో మరొకటి దొరకడం కష్టం. అయినా గజ్వేల్ ఒకరిని, కొడంగల్ మరొకరిని సభకు పంపాయి. కల్వకుర్తికి ఇరుగుపొరుగైన వంగూరు మండలం కొండారెడ్డిపల్లి బిడ్డ రేవంత్ రెడ్డి డిసెంబరు 7న ముఖ్యమంత్రి అయ్యారు. కామారెడ్డి తీర్పు ఎవరి కుర్చీనీ తాకలేదు.

బ్రిటన్‌లో ఈ వెసులుబాటు లేదు. ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో నిలబడటం అక్కడ కుదరదు. 2024లో మాజీ ప్రధాని లిజ్ ట్రస్ సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో 630 ఓట్ల తేడాతో ఓడినప్పుడు ఆమె పార్లమెంటు జీవితం అక్కడితో ఆగింది. పార్టీ మారినవాడు మళ్లీ ప్రజల దగ్గరకు పోవాలని అక్కడా చట్టం లేదు. అయినా 2014లో డగ్లస్ కార్స్‌వెల్ కన్జర్వేటివ్ పార్టీ వీడి, రాజీనామా చేసి, క్లాక్టన్ ఉప ఎన్నికలో కొత్త పార్టీ తరఫున గెలిచి వచ్చారు. మన దగ్గర 1985 నుంచి పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు రాజ్యాంగంలో ఉంది. అది ఉండగానే 2023 తర్వాత భారత రాష్ట్ర సమితి సభ్యులు పదిమంది కాంగ్రెస్ వైపు నడిచారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న న్యాయస్థానం స్పీకర్‌కు చెప్పాల్సివచ్చింది. ఎన్నికకు ముందు కండువా మార్చితే ఆ షెడ్యూలుకు కూడా పట్టింపు లేదు. కల్వకుర్తి అనుభవమంతా ఆ ఖాళీలో సాగిందే.

ఒక వ్యక్తికి ఒకే నియోజకవర్గం చాలునని ఎన్నికల సంఘం 2004లో సిఫారసు చేసింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో అదే చెప్పింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇది పార్లమెంటు తేల్చవలసిన విషయమని పిటిషన్‌ను తోసిపుచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 33వ సెక్షన్ ఏడో ఉపవిభాగం ఇప్పటికీ ఒక అభ్యర్థికి రెండు సీట్లు ఇస్తోంది.