తప్పు చూపిన సాక్ష్యము



ఒక్క సాక్షి మాటను పట్టుకొని తీర్పు చెప్పరాదని తగవులు తీర్చు పెద్దలకు నేను చెప్పవలసిన పనిలేదు. అబద్ధమెరుగని సాక్షియు పొరపడవచ్చును. శాస్త్రజ్ఞులకును అట్టి చిక్కు ఒకటి వచ్చెను. అది ఎట్లు కలిగెనో, ఎట్లు వీడెనో నేడు మీకు మనవి చేసెదను.

1892లో జర్మనీ దేశమున రిచర్డు ఫైఫరు అను వైద్యుడు, వేడిచే చంపిన కలరా సూక్ష్మజీవులును గినీపందులను చంపుట చూచెను. విషము ఆ జీవుల దేహమునందే కలదని గ్రహించి, దానికి అంతర్విషమను నర్థమున ఎండోటాక్సిన్ అని పేరిడెను. అది రక్తమున ప్రబలినచో జ్వరము వచ్చును, నాడి పడిపోవును, ప్రాణమే పోవచ్చును. మన దేహము దానిని ఎట్లు గుర్తించును? ఈ ప్రశ్న నూరేండ్లు నిలిచిపోయెను.

మన కణములపై గ్రాహకములను కావలివారు కలరు. శత్రువును పోల్చిన కావలివాడు లోపలికి వార్త నంపును. అది చేతులు మారి కణగర్భమును చేరును. కణము పోరునకు సన్నద్ధమగును. 1996లో ఫ్రాన్సు దేశమున హాఫ్‌మన్ పరిశోధకబృందము, పండ్లమీద ముసురు ఈగలయందు టోల్ అను గ్రాహకము బూజునుండి వానిని కాపాడుచున్నదని చూపెను. మానవులందును దాని జ్ఞాతులు కలవని పిమ్మట తేలెను. వానిలో ఎండోటాక్సిన్‌ను పట్టునది ఏది?

1998లో కొందరు, ఆ విషమునకు సహజముగా చలింపని మానవ కణములలో రెండవ టోల్ గ్రాహకమును ప్రవేశపెట్టి విషమును పోసిరి. కణములు వార్త నంపెను. నాలుగవ గ్రాహకమును పెట్టిన కణములో, పలుకలేదు. కావున నేరము పట్టువాడు రెండవవాడే యని తీర్పు వచ్చెను.

ఆ యేటి చివరనే డాలసు నగరమున బాయిట్లరు బృందము వేరొక సాక్ష్యము తెచ్చెను. ఎండోటాక్సిన్‌కు చలింపని ఎలుకల జాతి యొకటి కలదు. దాని లోపమును ఏండ్ల తరబడి వెదకగా, నాలుగవ గ్రాహకపు జన్యువులో ఒక్క యక్షరము మారియున్నట్లు కనబడెను. 1999లో జపానున అకీరా బృందము రెండవ గ్రాహకము లేని ఎలుకలను పరీక్షింపగా, అవి విషమునకు యథాప్రకారము చలించెను. నాలుగవది లేనివి చలింపలేదు.

మరి కణములు చూపిన సాక్ష్యమో? అబద్ధము కాదు, దాని యర్థమే వేరు. ఎండోటాక్సిన్‌లో సూక్ష్మజీవుల ఇతర పదార్థములు లేశమాత్రము కలిసియుండెను. రెండవ గ్రాహకము పట్టినది ఆ కల్తీనే. 2000లో అమెరికా పరిశోధకులు ఫినాలుతో విషమును మరల శుద్ధిచేయగా రెండవది మూగవోయెను, నాలుగవది పలికెను. మొదట నాలుగవది పలుకకుండుటకు కారణమును 1999లోనే జపాను పరిశోధకులు చెప్పియుండిరి: ఎం.డి.-2 అను తోడు లేనిదే అది విషమును పట్టజాలదు. ఆ కణములలో ఆ తోడు లేదు.

ఆ పిమ్మట లోపలి దారులును విడివడెను. మైడీ88 అను వార్తాహరుని తొలగించినను వార్త ఆలస్యముగా చేరుచుండెను. ట్రిఫ్ అను రెండవ వార్తాహరుడు కలడని 2003 నాటికి తేలెను. ఇరువురిని తొలగింపగా వార్త ఆగిపోయెను. హాఫ్‌మన్, బాయిట్లరులు 2011లో నోబెల్ బహుమానములో సగము పంచుకొనిరి.

అయినను నాలుగవ గ్రాహకమును అడ్డగించు ఔషధమొకటి, రక్తము విషమించిన రోగుల మరణములను తగ్గింపలేదని 2013లో వెల్లడియయ్యెను. ద్వారపాలకుని గుర్తించుట వేరు, రోగిని బ్రతికించుట వేరు. కాని ద్వారమునే పొరపడినవారికి ఆ రెండవ పనికి దారియే యుండదు. ఈ కథయందు నా మనస్సును పట్టినది ఇదియే: పదార్థమును మరల శుద్ధిచేసి, గ్రాహకమును తీసివేసి చూచి, తోడును కూడ విచారించిన పిమ్మటనే వారు తీర్పును మార్చిరి. మార్చుటకు సిగ్గుపడలేదు.