పూరిల్లు, పొయ్యి, నిప్పు



బొబ్బిలివాడు నిప్పును గూర్చి మాటలాడ బూనినచో, వినువారికి ముందుగా స్ఫురించునది 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ. ఆనాడు బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువు విజయరామరాజుగారి సేనలును కోటను చుట్టుముట్టగా, రంగారావుగారి పక్షమువారు స్త్రీలు శత్రువుల చేతబడకుండుటకై కోటలోని యిండ్లకు తామే నిప్పు పెట్టిరి. ఆ కథను మీరు జంగముల నోట వినియే యున్నారు. అది తెలిసి పెట్టిన నిప్పు. నేను చెప్పబోవునది తెలియక పెట్టుకొను నిప్పు. దీనికి పాటలు కట్టువారు లేరు.

నా చిన్ననాట మా వీధిలోని యిండ్లన్నియు తాటాకువే. చూరును చూరు తాకుచుండెడిది. ఒక వైశాఖమాసమున, మిట్టమధ్యాహ్నవేళ, ఒక యిల్లాలు పొయ్యిలోని బూడిదను పెరటి పెంటకుప్పపై బోసి అన్నము వడ్డింప లోనికి బోయెను. నివురుగప్పిన నిప్పు అనుమాటకు అర్థమును నేను నిఘంటువున గాక ఆనాడు నేర్చితిని. పడమటిగాలి విసరెను, ఎండుకమ్మ యొకటి రగిలి చూరు నంటుకొనెను. గడియ తిరుగకముందే పదునొకండిండ్లు బూడిదయ్యెను. మా తండ్రిగారు మామిడికాయలు కోయు దోటీతో మా యింటి కప్పును తామే లాగి పడవేసిరి. కప్పు పోయెను గాని గోడలును గింజలును దక్కెను. ఆ యిల్లాలిని ఎవరును తిట్టలేదు. ఆమె మాత్రము బ్రతికినంతకాలము నీళ్లు చల్లి, చేతితో తడవి చూచినగాని బూడిద పారబోయలేదు.

పెద్దవాడనైన పిదప, శామశాస్త్రిగారు మైసూరున 1909లో అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమును చదివి ఆశ్చర్యపడితిని. వేసవిని పట్టపగలు ఇంట నిప్పు రాజేసినవానికి పణములో ఎనిమిదవవంతు జరిమానా. వంట బయట జేసికొనవలయును. ప్రతి యింటను నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, తోలుతిత్తి యుండవలయును. కప్పుగడ్డిని లాగుటకు కొక్కెము సయితము చెప్పబడినది. మా తండ్రిగారి దోటీ యదియే! ఆయన అర్థశాస్త్రమును చదివినవారు కారు. పొరుగిల్లు కాలుచుండ పరుగెత్తి రాని గృహస్థునకు 12 పణములు, ఏమరుపాటున ఇల్లు తగులబెట్టినవానికి 54 పణములు దండుగ.

1666 సెప్టెంబరులో లండను నగరమున ఒక రొట్టెలవాని యింట బుట్టిన నిప్పు పదమూడువేలకు పైగా ఇండ్లను దిన్నది. అక్కడను ముందున్న యిండ్లను గూలద్రోసి దానికి మేత లేకుండ జేయవలసివచ్చెను. పిమ్మట ఇటుకతోనో రాతితోనో కట్టవలెనని శాసనము పుట్టెను. మనకు శాసనము కంటె పెంకు మేలు చేసినది. 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు పెట్టిన కార్ఖానాతో ఆ యూరిపేరి పెంకులు దేశమంతట వ్యాపించినవి.

ఇప్పుడు డాబాలు లేచినవి. నిప్పు మాత్రము గోడలోని తీగలోనికిని, వంటింటి సిలిండరులోనికిని మారినది. ఆ గ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినచో నేలబట్టి యుండును. వాసన తగిలినయెడల ఏ స్విచ్చిని ముట్టక, తలుపులు తెరచి, సిలిండరు మూయవలయును.

మా వీధిలో తాటాకిండ్లు రెండే మిగిలినవి. ఈ వేసవిని వాని పెరళ్లకు పోయి చూచితిని. ఒకదాని వెనుక బూడిదకుప్ప సన్నగా పొగయుచుండెను. ఇంటివారు పొలమునకు బోయిరి. బిందెడు నీళ్లు నేనే తోడి పోసి వచ్చితిని.