నారుకు వెచ్చని ఇల్లు: రోము చక్రవర్తి దోసపాదు నుంచి మన హోసూరు ట్రేల దాకా



చలికాలం వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫొటోలు పంపుతుంటారు. కిటికీ పక్కన, దీపాల కింద, చిన్న చిన్న డబ్బాల్లో వంగ, మిరప, టమాటా మొలకలు. బయట మంచు, లోపల మిరప నారు. ఇక్కడున్న పెద్దలు చూసి "ఇదేం సేద్యం నాయనా" అని నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. దీని వెనక రెండు వేల ఏళ్ళ కథ ఉంది. ఆ కథ ఎక్కడెక్కడో తిరిగి మన హోసూరు, కోలారు నర్సరీల దాకా వచ్చింది. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు కారణం చెప్పుకుందాం. మిరప, టమాటా పుట్టిల్లు అమెరికా ఖండంలోని వెచ్చటి సీమలు. వంగ మన ఆసియాది. నీళ్ళు గడ్డకట్టే చలి ఈ మూడింటికీ పడదు. చలి దేశాల్లో మంచు పూర్తిగా పోయాక గింజ వేస్తే, కాపు అందుకునేలోపే మళ్ళీ చలి వచ్చేస్తుంది. అందుకే ఆఖరి మంచుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇంట్లోనే గింజ వేసి, నారు పెంచి, వాతావరణం కుదురుకున్నాక బయట నాటుతారు.

ఈ ఆలోచన తొలిసారి రాతలో కనబడేది రాజుల ఇళ్ళలోనే. రోము చక్రవర్తి తిబేరియస్ (పాలన క్రీ.శ. 14-37) రోజూ దోసకాయ లేనిదే భోంచేసేవాడు కాదట. అది మనం తినే కీరా కాదని, పాములా పొడుగ్గా పెరిగే మరో దోస జాతి అని ఈ కాలపు పరిశోధకుల అభిప్రాయం. ఏదైతేనేం, ఏడాది పొడుగునా కాయ కావాలి. తోటమాలులు ఏం చేశారో ప్లీనీ రాశాడు. మడులకు చక్రాలు పెట్టారు. ఎండ ఉన్నప్పుడు బయటికి తోసేవారు, చలి రోజుల్లో లోపలికి లాగి, వెలుగు దూరే పలుచటి రాతి పలకలు బిగించిన చట్రాల కింద ఉంచేవారు. వ్యవసాయం మీద పుస్తకం రాసిన కొలుమెల్లా మరో కిటుకు చెప్పాడు. బుట్టల్లో పేడ కలిపిన మన్ను నింపి అందులో గింజ పెట్టమన్నాడు. అంటే ఇవాళ్టి నర్సరీ ట్రేకి అది ముత్తాత.

ఇది అందరికీ నచ్చలేదు. చలికాలంలో గులాబీ కోరుకునేవాళ్ళు, వేడినీళ్ళతో లిల్లీని బలవంతంగా పూయించేవాళ్ళు ప్రకృతికి ఎదురు బతుకుతున్నారని సెనెకా మందలించాడు. కవి మార్షియల్ ఎత్తిపొడుపు ఇంకా ఘాటు. ధనవంతుడి పండ్లచెట్లకేమో చలిగాలి తగలకుండా పలకల కిటికీలు, అతిథిగా వచ్చిన తనకేమో కిటికీ సరిగా మూయని గది అన్నాడు. నవ్వొచ్చే మాటే, కానీ అందులో అసలు ప్రశ్న ఉంది. ఆ వెచ్చదనం ఎవరి కోసం?

చైనాలో ఆ ప్రశ్నకు ఒక అధికారి జవాబిచ్చాడు. హాన్ రాజుల వంటశాల తోటలో చలికాలంలో ఉల్లి జాతి కూరలు పెంచడానికి పైకప్పు వేసి, రాత్రింబగళ్ళు సన్నటి మంట మండించేవారు. క్రీ.పూ. 33 ప్రాంతంలో షావో శిన్‌చెన్ అనే అధికారి, కాలం కాని కాలంలో పండినవి మనిషికి హాని అని, అవి ఉంచదగినవి కావని చెప్పి ఆ ఏర్పాటు ఆపించాడు. దానితో ఖజానాకు ఏటా కోట్లలో నాణేలు మిగిలాయని చైనా చరిత్ర గ్రంథం చెబుతుంది. కొరియాలో 1450 ప్రాంతంలో రాజవైద్యుడు జియోన్ సూన్-ఉయి రాసిన పుస్తకంలోనూ ఇలాంటి ఇంటి వివరం ఉంది. మట్టి గోడలు, నేల కింద వేడి పొగ పారే దారులు, వెలుగు కోసం నూనె పూసిన కాగితపు కిటికీలు.

రాజుల తోటలోంచి ఈ పని కూలీ బతుకులోకి దిగింది పారిస్‌లో. 19వ శతాబ్దంలో అక్కడి కూరగాయల తోటమాలులు గుర్రపు పేడతో వెచ్చటి మడులు కట్టేవారు. పచ్చి పేడను గడ్డితో కలిపి దట్టంగా పేరిస్తే, లోపలి సూక్ష్మజీవుల పనితో అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ మొదటి ఉడుకు తగ్గేదాకా ఆగి, పైన మన్ను పరచి, గింజ వేసి, అద్దపు చట్రమో గంట ఆకారపు అద్దపు మూతో పెట్టేవారు. 1845లో మోరో, దావెర్న్ అనే ఇద్దరు తోటమాలులు ఈ పనితనాన్ని పుస్తకంగా రాశారు. పట్నం నిండా గుర్రాలు, గుర్రాల పేడతో మడులు, మడుల కూరలు మళ్ళీ పట్నానికి. మోటారు బండ్లు వచ్చి గుర్రాలు పోయాక ఆ చక్రం ఆగిపోయింది.

అదే 1845లో బ్రిటన్ అద్దం మీద పన్ను ఎత్తేసింది. అద్దం చవకైంది, అద్దాల ఇళ్ళు పెరిగాయి. జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి మొక్కల ఇళ్ళు కట్టిన అనుభవంతోనే 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడు. దాన్ని చూసి ముచ్చటపడి మన పక్కనే బెంగుళూరు లాల్‌బాగ్‌లో గాజుమేడ లేపారు. దానికి పునాదిరాయి 1889 నవంబరు 30న పడింది. మనం ఏటా జనవరిలో పూల ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్ళే కట్టడం ఇదే. దాని మూలం చలికి వణికే మొక్కకు కట్టిన ఇల్లు.

ఇక మన నేలకు వద్దాం. మనకు మంచు గడ్డకట్టే బాధ లేదు. మన నారుకు శత్రువులు వేరు: మండే ఎండ, కుండపోత వాన, నారుకుళ్ళు, ఆకుముడతను మోసుకొచ్చే తెల్లదోమ. అందుకే మనవాళ్ళు నారును వెచ్చబెట్టలేదు, నీడబెట్టారు. బావి దగ్గర ఎత్తుగా మడి కట్టి, గింజ చల్లి, పైన వరిగడ్డి కప్పి, నీళ్ళు చిలకరించి, మొలక తల ఎత్తగానే గడ్డి తీసేసేవారు. గింజలకు బూడిద పట్టించేది, సొర, గుమ్మడి గింజల్ని పేడలో అదిమి గోడకు కొట్టి మరుసటి కారు దాకా దాచేది ఎక్కువగా ఆడవాళ్ళే.

ఇప్పుడు మన వైపు టమాటా వేసే రైతు నారుమడి కట్టడం తగ్గిపోయింది. నర్సరీలో వలపందిరి కింద, 98 గళ్ళ ట్రేలలో, కొబ్బరి పొట్టులో పెరిగిన నారు కొంటున్నాడు. గింజ వేశాక ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, మొలకెత్తేదాకా వెచ్చగా ఉంచుతారు. చూశారా, పారిస్ మడి, రోము బుట్ట రెండూ అక్కడే ఉన్నాయి. నెల తిరక్కుండా నారు సిద్ధం. వేరు తెగదు, సన్నటి వల వల్ల తెల్లదోమ చేరదు, ఖరీదైన గింజ వృథా కాదు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సెనెకా, షావో మాటలకూ ఇక్కడ ఒక జవాబుంది. కాలాన్ని ఎదిరించి కాయ కాయించడం వేరు, రాబోయే కాలానికి మొక్కను సిద్ధం చెయ్యడం వేరు. నారు పోయడం రెండోది. అది రైతు ముందుచూపు.

కానీ మార్షియల్ ప్రశ్న మిగిలే ఉంది. "నారు పోసినవాడు నీరు పోయడా" అని మనం దేవుడి మీద భారం వేస్తాం. ఇవాళ నారు పోసేవాడు నర్సరీవాడు. నారు ఎవరు పోస్తారో, రకం వాళ్ళే నిర్ణయిస్తారు. వందల ట్రేలు అమ్ముడుపోయే రకమే నర్సరీలో ఉంటుంది. మీ అవ్వ గోడకు కొట్టి దాచిన వంకాయ రకాన్ని ఏ నర్సరీ తనంతట తాను పెంచదు. మడి కట్టడం మరిచిన ఇంట్లో ఆ గింజకు తావు లేదు. గింజతో పాటు దాని పేరూ పోతుంది. ఇంట్లో తప్ప బడిలో తెలుగు దొరకని మన పిల్లలకు ఆ పేరు ఇంకెక్కడా వినబడదు.

అందుకని ఈ సంక్రాంతికి ఒక పని చేద్దాం. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మిగిలిన పాత గింజలు ఏమున్నాయో అడగండి. ఒక పాత ట్రేలోనో పెరుగు డబ్బాలోనో నాలుగు గింజలు వెయ్యండి. ఆ రకాన్ని మీ ఇంట్లో ఏమని పిలిచేవారో కింద రాయండి. ఊరి పేరుతో సహా అన్నీ ఒకచోట చేర్చి, గింజ మిగిలినవాళ్ళు లేనివాళ్ళకు పంచేలా చూద్దాం.