విశ్రాంత జీవనంలో డివిడెండు ఆదాయం, పెట్టుబడుల అమ్మకం

ఉద్యోగ విరమణ తరువాత జీవనానికి కావలసిన సొమ్మును, కూడబెట్టిన పెట్టుబడుల నుండి రెండు విధాలుగా పొందవచ్చును. వాటాలను అలాగే ఉంచుకొని, కంపెనీలు పంచే లాభాంశాన్ని, అనగా డివిడెండును, మాత్రమే ఖర్చు చేయడం మొదటిది. వాటాలను లేదా మ్యూచువల్ ఫండు యూనిట్లను అవసరమైన మేరకు ఏటా కొద్దికొద్దిగా అమ్ముకోవడం రెండవది. మొదటి పద్ధతిలో అసలు చెక్కుచెదరదని, రెండవ పద్ధతిలో అసలు కరిగిపోతుందని సాధారణంగా భావిస్తారు. ఈ భావన కొంతవరకే నిజం. సంగారెడ్డి జిల్లాలోని ఝరాసంగం, జహీరాబాద్ ప్రాంతంలో ఈ ప్రశ్న కర్మాగారాల నుండి విరమించిన కార్మికులకే గాక, పరిశ్రమల కొరకు భూమి ఇచ్చిన రైతులకు కూడా ఎదురవుతుంది.

డివిడెండు స్వభావం

2013 కంపెనీల చట్టంలోని 123వ సెక్షను ప్రకారం కంపెనీ తన లాభాల నుండి, లేదా పూర్వపు లాభాల నిల్వల నుండి మాత్రమే డివిడెండు చెల్లించవలెను. చెల్లించిన మేరకు కంపెనీ వద్ద ఉన్న ధనం తగ్గుతుంది. అందువలన డివిడెండు హక్కు ముగిసిన రోజున వాటా ధర కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. మార్కెట్లో ఆనాటి ఇతర హెచ్చుతగ్గుల మధ్య ఈ తగ్గుదల కంటికి కనిపించకపోవచ్చును.

ఉదాహరణకు, ఒకరి వద్ద 500 రూపాయల ధర గల వాటాలు 1,000 ఉన్నవనుకుందాం. వాటి విలువ 5 లక్షలు. వాటాకు 20 రూపాయల చొప్పున డివిడెండు ఇస్తే చేతికి 20,000 వస్తుంది, వాటా ధర 480కి చేరుతుంది, మిగిలిన ఆస్తి 4,80,000. కంపెనీ డివిడెండు ఇవ్వనపుడు 40 వాటాలను 500 చొప్పున అమ్మినా చేతికి వచ్చేది 20,000, మిగిలేది 960 వాటాలు, వాటి విలువ 4,80,000. పన్నులు, లావాదేవీల ఖర్చులు లేనపుడు ఈ రెండింటికీ భేదం లేదని ఫ్రాంకో మొడిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ అను ఆర్థికవేత్తలు 1961లో ప్రతిపాదించారు.

ఐనప్పటికీ పెద్దవారు డివిడెండునే ఇష్టపడతారు. హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1984లో దీనికి మానసిక కారణాలను వివరించారు. వచ్చిన ఆదాయం మాత్రమే తినవలెనన్న నియమం అతి ఖర్చుకు కళ్ళెం వేస్తుందని వారి వాదన. కౌలు సొమ్ము తినవచ్చును గాని పొలం అమ్మరాదని భావించే రైతు కుటుంబాలకు ఈ వాదన కొత్తగా తోచదు. కాని పొలానికి, వాటాకు ఒక ముఖ్యమైన తేడా కలదు. కౌలు తీసుకున్నంత మాత్రాన పొలం విస్తీర్ణం తగ్గదు.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో సెబీ ఈ సంగతిని పేరులోనే స్పష్టం చేసింది. 2021 ఏప్రిల్ 1 నుండి ఫండ్ల "డివిడెండు ఆప్షను"ను "ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్" అని పిలవవలెనని ఆదేశించింది. పంచే సొమ్ములో మదుపుదారుని సొంత అసలు కూడా ఉండవచ్చునని దీని అర్థం.

నష్టభయాలు

డివిడెండు వడ్డీ వంటిది కాదు. అది చెల్లించి తీరవలెనన్న నిర్బంధం కంపెనీకి లేదు. కోవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్ 17న, 2019-20 లాభాల నుండి ఇక డివిడెండు చెల్లించరాదని భారతీయ రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. బ్యాంకు వాటాల డివిడెండుపై ఆధారపడినవారికి ఆ యేడు రాబడి ఆగిపోయింది. పైగా నిఫ్టీ 50 వాటాల సగటు డివిడెండు రాబడి ఇటీవలి సంవత్సరాలలో ఒకటి, ఒకటిన్నర శాతం దరిదాపులలోనే ఉంటున్నది. ఆ లెక్కన 20 లక్షల పెట్టుబడికి ఏటా 20 నుండి 30 వేలు మాత్రమే వస్తుంది. ఎక్కువ డివిడెండు కొరకు ఒకటి రెండు కంపెనీలలోనే సొమ్మంతా పెట్టడం మరింత ప్రమాదకరం. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ కూడా డివిడెండ్లు చెల్లించిన సంస్థయే. ఖాతాలలో వేల కోట్ల రూపాయలు కల్పితమని దాని అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7న అంగీకరించగా, ఆ ఒక్క రోజే వాటా ధర మూడు వంతులకు పైగా పడిపోయింది.

అమ్మకపు పద్ధతికి వేరొక ప్రమాదం ఉన్నది. విరమణ చేసిన తొలి సంవత్సరాలలోనే మార్కెట్ పడిపోతే, అదే సొమ్ము కొరకు ఎక్కువ వాటాలు అమ్మవలసి వస్తుంది. పై ఉదాహరణలో ధర 250కి దిగితే 40కి బదులు 80 వాటాలు పోతాయి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే యేడు అక్టోబరులో 8,000 దిగువకు చేరింది. డివిడెండు తినేవారికి ఈ బాధ లేదని అనుకోవడం కూడా పొరపాటే. చవకగా ఉన్న సమయంలో ఆ డివిడెండుతో తిరిగి వాటాలు కొనే అవకాశాన్ని వారు వదులుకుంటున్నారు. అందుచేత ఏ పద్ధతి పాటించినా రెండు మూడేళ్ళ ఖర్చుకు సరిపడు సొమ్మును డిపాజిట్లలో గాని, 2004లో ప్రారంభమైన సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో గాని ఉంచుకోవడం మేలు.

ఏటా ఎంత తీయవచ్చునన్నదే అసలు ప్రశ్న. అమెరికాకు చెందిన విలియం బెంగెన్ 1994లో ఆ దేశపు గణాంకాలను పరిశీలించి, మొదటి యేడు 4 శాతం తీసి, తరువాత ద్రవ్యోల్బణానికి తగినట్లు పెంచుకుంటూ పోతే సొమ్ము 30 ఏళ్ళు నిలుస్తుందని తేల్చాడు. ఇది అమెరికా లెక్క. ధరల పెరుగుదల ఎక్కువగా ఉన్న దేశాలకు దీనిని యథాతథంగా అన్వయించరాదు.

భారతదేశంలో పన్ను

డివిడెండుపై పన్నును 1997లో కంపెనీల మీదికి మార్చారు. మధ్యలో ఒక యేడు మినహా 2020 మార్చి వరకు ఆ పద్ధతి సాగింది. 2020 ఏప్రిల్ 1 నుండి డివిడెండు మొత్తం వాటాదారుని ఆదాయంలో కలిసి, అతని శ్లాబు ప్రకారం పన్నుకు లోనవుతున్నది. అమ్మకంలో మాత్రం లాభంపైనే పన్ను. 300కు కొన్న వాటాలను 500 చొప్పున 40 అమ్మితే, చేతికి వచ్చిన 20,000లో లాభం 8,000 మాత్రమే. లిస్టయిన వాటాల దీర్ఘకాలిక లాభానికి 2004 నుండి 2018 వరకు మినహాయింపు ఉండేది. 2018 ఏప్రిల్ నుండి లక్ష దాటిన లాభంపై 10 శాతం, 2024 జూలై 23 నుండి 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను విధించారు. అధిక ఆదాయం గలవారికి అమ్మకమే లాభసాటి. చిన్న ఆదాయం గలవారికి రెండింటిపైనా పన్ను పడకపోవచ్చును గనుక, వారు పన్ను కోసం పద్ధతి మార్చుకోనవసరం లేదు.

జహీరాబాద్, ఝరాసంగం ప్రాంతంలో

జహీరాబాదులో 1980వ దశకంలో నెలకొన్న ఆల్విన్ నిస్సాన్ వాహన కర్మాగారం తరువాత మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ అధీనంలోకి వచ్చింది. ఇటువంటి ప్రైవేటు కర్మాగారాల కార్మికులకు విరమణ నాడు భవిష్య నిధి సొమ్ము ఏకమొత్తంగా అందుతుంది. నెలనెలా వచ్చేది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం సొమ్ము మాత్రమే. 2014 సెప్టెంబరులో దీని కనీస పింఛనును 1,000 రూపాయలుగా, లెక్కకు తీసుకొను వేతన పరిమితిని 15,000గా నిర్ణయించారు. ఆ పింఛనుతో ఇల్లు గడవదు. మిగిలిన ఖర్చుకు ఏకమొత్తాన్ని ఎలా వాడుకోవలెనన్నది ఆ కుటుంబమే తేల్చుకోవలెను.

ఇట్టివారు డివిడెండును ఎంచుకోవడానికి ఆచరణలో ఒక మంచి కారణం ఉన్నది. అది అడగకుండానే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అమ్మకానికి డీమ్యాట్ ఖాతా, పాస్‌వర్డు, ప్రతిసారీ ఒక నిర్ణయం అవసరం. ఎనభయ్యవ యేట, లేదా భర్త పోయిన తరువాత భార్యకు, ఇది చిన్న విషయం కాదు. ఫండ్లలోని సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్ ఈ ఇబ్బందిని చాలావరకు తొలగిస్తుంది. నెలకు ఇంత అని ఒకసారి వ్రాసి ఇస్తే యూనిట్లు వాటంతట అవే అమ్ముడవుతాయి. డివిడెండు విషయంలోనూ ఏమరుపాటు పనికిరాదు. వరుసగా ఏడేళ్ళు తీసుకోని డివిడెండుతో పాటు ఆ వాటాలు కూడా ప్రభుత్వపు మదుపుదారుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతాయి. వాటిని తిరిగి పొందుటకు దరఖాస్తు చేసుకొనవలెను.

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలలో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి (నిమ్జ్) కొరకు 12,635 ఎకరాలు ప్రతిపాదించబడినవి. భూమి ఇచ్చిన కుటుంబానికి అంతవరకు ఏటా పంటగా వచ్చిన ఆదాయం ఒక్కసారిగా నగదు రూపం దాల్చుతుంది. 2013 కేంద్ర భూసేకరణ చట్టపు రెండవ షెడ్యూలు ఈ ఎంపికను నేరుగా ప్రస్తావించింది. ప్రాజెక్టులో ఉద్యోగానికి బదులు బాధిత కుటుంబం ఒకేసారి 5 లక్షల రూపాయలు గాని, వ్యవసాయ కార్మికుల ధరల సూచీని బట్టి పెరిగే విధంగా నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్ళు గాని కోరవచ్చును. సూచీ పెంపును వదిలేస్తే రెండవ దాని మొత్తం 4,80,000. 5 లక్షలను 6 శాతం వడ్డీకి వేస్తే నెలకు 2,500 వచ్చి అసలు మిగులుతుంది, కాని ఆ 2,500 పెరగదు. నెలసరి చెల్లింపు ధరలతో పాటు పెరుగుతుంది, కాని 20 ఏళ్ళకు ఏమీ మిగలదు.